34 మ్యాచ్‌లు, ఒక మిడ్ ఎగ్జామ్

ముందే చెప్పేస్తున్నా. నేను ఇంతవరకు ఐస్ రింక్ మీద కాలు పెట్టలేదు. పెడితే రెండో అడుగులోనే పడతానని, స్కూల్‌లో గేమ్స్ పీరియడ్‌లో నన్ను చూసిన ఎవరినడిగినా చెప్తారు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం కాబట్టి తెలుగులో ఇంత పొడుగు ఆర్టికల్ రాయడం కూడా నాకు ఐస్ మీద నడవడం లాంటిదే. ఎక్కడైనా జారితే ఎడిటోరియల్ టీమ్ పట్టుకుంటుందని ధైర్యం.

అయినా అమెరికాలో కాలేజీ ఐస్ హాకీ గురించి రాస్తున్నా. గోల్స్ గురించి, ప్లేయర్స్ గురించి కాదు. ఆ ఆటకి వాళ్లు పెట్టుకున్న లెక్కల గురించి. ఒక సీజన్‌లో ఎన్ని మ్యాచ్‌లు ఆడొచ్చు, ఏ రోజుల్లో ఆడాలి, వారానికి ఎన్ని గంటలు ప్రాక్టీస్ చేయించొచ్చు అనే రూల్స్ గురించి. "మనకెందుకు రా ఇదంతా" అంటారని తెలుసు. కాస్త ఓపిక పట్టండి, చివరికి మన మిడ్ ఎగ్జామ్స్ దగ్గరికే వస్తా.

మా పెద్దమ్మ కొడుకు మిషిగన్ టెక్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. ఊరు పేరు హౌటన్. మిషిగన్ రాష్ట్రానికి పైకొసన, లేక్ సుపీరియర్ వైపు ఉంటుంది. చలికాలంలో వీడియో కాల్ చేస్తే కిటికీలోంచి తెల్లగా తప్ప ఇంకేమీ కనపడదు. అక్కడ శుక్రవారం సాయంత్రం అయిందంటే జనం హాకీ మ్యాచ్‌కి వెళ్తారట. అన్నయ్య మొదట్లో ఫ్రెండ్స్ లాక్కెళ్తే వెళ్లాడు. ఇప్పుడు తనే కొత్తగా వచ్చిన మనవాళ్లని లాక్కెళ్తున్నాడు.

పోయిన డిసెంబర్‌లో ఒక వీకెండ్ కాల్ చేసి, "ఇవాళ మ్యాచ్‌కి పోలేదా?" అని అడిగా.

"లేదు రా, ఫైనల్ ఎగ్జామ్స్ వారం. ఈ టైమ్‌లో మ్యాచ్‌లు పెట్టరు" అన్నాడు.

"ఎవరికి ఎగ్జామ్స్? నీకా?"

"నాకూ, ఆడేవాళ్లకి కూడా. వాళ్లూ స్టూడెంట్సే కదా."

చాలా మామూలుగా అన్నాడు. కానీ నాకు ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తర్వాత చెప్తా. అప్పుడు నేను మా డిపార్ట్‌మెంట్‌లో టైమ్‌టేబుల్ జనరేటర్ అని ఒక మినీ ప్రాజెక్ట్ చేస్తున్నా. షెడ్యూలింగ్ అనే మాట కనపడితే చాలు చదివేసే పిచ్చి అప్పుడు. అలా ఆ రూల్స్‌లోకి దిగాను.

34 అంటే ఎంత?

అమెరికాలో కాలేజీ ఆటలకి రూల్స్ పెట్టే పెద్ద సంస్థ ఎన్‌సీఏఏ. దాంట్లో పై స్థాయిని డివిజన్ వన్ అంటారు. ఆ స్థాయిలో ఐస్ హాకీ టీమ్‌కి ఎన్నో ఏళ్లుగా ఉన్న లిమిట్ సీజన్‌కి 34 మ్యాచ్‌లు. అబ్బాయిలకైనా అమ్మాయిలకైనా అంతే. స్కాలర్‌షిప్‌లు లేని డివిజన్ త్రీలో 25. కాన్ఫరెన్స్ ప్లేఆఫ్స్, నేషనల్ టోర్నమెంట్ ఈ లెక్కలోకి రావు. 2025లో ఛాంపియన్ అయిన వెస్టర్న్ మిషిగన్ టీమ్ రికార్డ్ 34 గెలుపులు, 7 ఓటములు, 1 డ్రా. అంటే మొత్తం 42. చివరి దాకా వెళ్లినవాళ్లకి అంత అవుతుంది.

34 ఎక్కువా తక్కువా? పక్కన ఇంకో నంబర్ పెడితే తెలుస్తుంది. కెనడాలో జూనియర్ లీగ్స్ ఉన్నాయి. వాటిలో వెస్టర్న్ హాకీ లీగ్, ఒంటారియో హాకీ లీగ్ టీమ్స్ సీజన్‌కి 68 మ్యాచ్‌లు ఆడతాయి. ఆడేది పదహారు నుంచి ఇరవై ఏళ్ల పిల్లలే. అంటే మన వయసువాళ్లే, కాలేజీలో ఆడేవాళ్లకంటే సరిగ్గా డబుల్. పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఏళ్ల తరబడి నడిచిన లెక్క 82.

నాకు బాగా నచ్చింది ఈ 34ని వాళ్లు క్యాలెండర్‌లో పరిచే పద్ధతి. ఎక్కువ మ్యాచ్‌లు శుక్రవారం రాత్రి ఒకటి, శనివారం రాత్రి ఒకటి. అంటే 34 మ్యాచ్‌లకి 17 వీకెండ్స్. 2024 అక్టోబర్ మొదటి శుక్రవారం నుంచి 2025 ఫిబ్రవరి చివరి శుక్రవారం దాకా నేను క్యాలెండర్ తీసి లెక్కపెట్టా. 22 వీకెండ్స్ వచ్చాయి. 17 పోతే 5 మిగులుతాయి. డిసెంబర్ ఎగ్జామ్స్, క్రిస్మస్, ఒకటి రెండు రెస్ట్ వీకెండ్స్ ఆ ఐదులో సర్దుకుంటాయి. లిమిట్ లేకపోతే ఆ ఐదూ ఉండేవి కావు. ఖాళీ డేట్ కనపడితే టికెట్లు అమ్ముకోవడానికి ఎవరో ఒకరు మ్యాచ్ పెట్టేస్తారు. మన వీధిలో ఖాళీ స్థలం కనపడితే రాత్రికి రాత్రి బండ్లు పార్క్ చేసేసినట్టు.

ఇంకో రూల్ కూడా ఉంది. సీజన్‌లో వారానికి 20 గంటలకి మించి ప్రాక్టీస్, మ్యాచ్‌లు కలిపి ఉండకూడదు. రోజుకి 4 గంటలు మించకూడదు. వారంలో ఒక రోజు పూర్తిగా సెలవు. సీజన్ అయిపోయాక అయితే వారానికి 8 గంటలే. ఇది హాకీకి మాత్రమే కాదు, డివిజన్ వన్‌లో అన్ని ఆటలకీ ఉన్న రూల్.

గ్రాఫ్ థియరీ మార్కులకే కాదు

సీఎస్‌ఈ వాళ్ల కోసం ఒక చిన్న ముక్క. మిగతా బ్రాంచ్‌ల వాళ్లు ఈ పేరా దాటేసినా నేనేమీ అనుకోను.

ఈసీఏసీ అని ఒక కాన్ఫరెన్స్ ఉంది. న్యూయార్క్ రాష్ట్రం, దాని చుట్టుపక్కల ఉన్న 12 కాలేజీలు. ప్రతి టీమ్ మిగతా 11 టీమ్స్‌తో ఇంటి దగ్గర ఒకటి, బయట ఒకటి ఆడాలి. మొత్తం 22. మామూలుగా అయితే 11 సార్లు ఊరు దాటాలి. వాళ్లేం చేశారంటే, దగ్గరదగ్గరగా ఉన్న కాలేజీలని జంటలుగా కట్టారు. క్లార్క్‌సన్‌కి సెయింట్ లారెన్స్ జంట. కార్నెల్‌కి కోల్గేట్ జంట. ఇలా 6 జంటలు. ఒక వీకెండ్‌లో ఒక జంట ఇంకో జంట ఊళ్లకి వెళ్తుంది. శుక్రవారం క్లార్క్‌సన్ వెళ్లి కార్నెల్‌తో, సెయింట్ లారెన్స్ వెళ్లి కోల్గేట్‌తో ఆడతాయి. శనివారం అటూ ఇటూ మారతాయి. మిగిలిన 5 జంటలతో ఇంట్లో 5, బయట 5, మొత్తం 10 వీకెండ్స్‌లో 20 మ్యాచ్‌లు. సొంత జంటతో రెండు. 20 ప్లస్ 2, 22. లెక్క సరిపోయింది. దూరం వెళ్లే ట్రిప్పులు 11 నుంచి 5కి దిగిపోయాయి. జంట ఊరికి వెళ్లేది ఒకటుంది, కానీ అది పక్కూరే.

ఇది చదివినప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది. డిస్క్రీట్ మ్యాథ్స్‌లో గ్రాఫ్ మ్యాచింగ్ అని పది మార్కుల క్వశ్చన్ బట్టీ పట్టి రాశా. దాని వల్ల ఎవరో ఒక కుర్రాడు రాత్రి పన్నెండుకి బస్సులో కాకుండా తన మంచం మీద పడుకుంటాడని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

లిమిట్‌లో చిల్లులు

ఇక్కడిదాకా చదివి, "అమెరికా వాడు చేస్తే అంతా గొప్పే" అని నేను అంటున్నాననుకోవద్దు. ఆ రూల్స్‌లో చిల్లులు కూడా అంతే క్లియర్‌గా కనపడ్డాయి.

మొదటిది అలాస్కా. అక్కడ ఫెయిర్‌బ్యాంక్స్, యాంకరేజ్ రెండు చోట్లా డివిజన్ వన్ టీమ్స్ ఉన్నాయి. అంత దూరం ఎవరూ రారు కదా, అందుకని ఒక మినహాయింపు పెట్టారు. మిగతా రాష్ట్రాల నుంచి అలాస్కాకి వచ్చి ఆడితే ఆ మ్యాచ్‌లు 34లో లెక్కకి రావు. ఒక వీకెండ్ వెళ్లొస్తే రెండు మ్యాచ్‌లు బోనస్, 34 కాస్తా 36. అలాస్కా టీమ్స్‌కి ఇది ప్రాణం. 2021లో వాళ్లున్న కాన్ఫరెన్స్ మూతపడ్డాక వాళ్లకి కాన్ఫరెన్స్ లేకుండా పోయింది. ప్రతి మ్యాచ్‌కి ఎవరినో ఒకరిని బతిమాలి పిలుచుకోవాలి. కాబట్టి ఈ మినహాయింపు తీసేయమని నేను అనను. కానీ ఒకటి ఆలోచించండి. మొత్తం క్యాలెండర్‌లో అందరికంటే ఎక్కువ దూరం, అందరికంటే ఎక్కువ అలసట ఉన్న ట్రిప్ ఏదో, సరిగ్గా అదే "లెక్కలోకి రాదు".

రెండోది ప్రయాణం. 20 గంటల రూల్‌లో బస్సులో కూర్చున్న టైమ్ లెక్కకి రాదు. మా అన్నయ్య వాళ్ల కాలేజీనే తీసుకుంటే, హౌటన్ నుంచి అదే కాన్ఫరెన్స్‌లో ఉన్న బౌలింగ్ గ్రీన్ ఊరికి రోడ్డు మీద వెళ్లాలంటే దాదాపు పగలంతా పోతుంది. శుక్రవారం రాత్రి మ్యాచ్ అంటే గురువారమే బయల్దేరాలి. గురువారం క్లాసులు పాయె, శుక్రవారం క్లాసులు పాయె. రూల్ బుక్ ప్రకారం మాత్రం అతను ఆ రెండు రోజులు "ఖాళీ".

మూడోది ఇంకా విచిత్రం. మ్యాచ్ ఎంతసేపు నడిచినా ఆ రోజు లెక్క 3 గంటలే. 2015 మార్చిలో మసాచుసెట్స్, నోటర్ డామ్ టీమ్స్ మధ్య ఒక ప్లేఆఫ్ మ్యాచ్ ఐదు ఓవర్‌టైమ్‌లు నడిచింది. మామూలు మ్యాచ్ 60 నిమిషాలు. అది 151 నిమిషాల 42 సెకన్లు. డివిజన్ వన్‌లో అదే రికార్డ్. అంటే రెండున్నర మ్యాచ్‌లు ఒక్క రాత్రిలో ఆడారు. కాగితం మీద ఒక్క మ్యాచ్, మూడు గంటలు.

నాలుగోది, అందరికీ ఒకే లిమిట్ కాదు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కార్నెల్, బ్రౌన్, డార్ట్‌మౌత్ ఉన్న ఐవీ లీగ్ తనంతట తనే ఇంకా గట్టి రూల్ పెట్టుకుంది. చాలా ఏళ్ల పాటు వాళ్ల లిమిట్ 29. సీజన్ కూడా మిగతావాళ్లకంటే కొన్ని వారాలు ఆలస్యంగా మొదలు. ఈ ఆరూ పైన చెప్పిన ఈసీఏసీలోనే ఆడతాయి. 22 అక్కడే పోతే ఐవీ వాళ్లకి మిగిలేవి 7, పక్క టీమ్‌కి మిగిలేవి 12. నేషనల్ టోర్నమెంట్‌కి 16 టీమ్స్‌ని ఎంచేటప్పుడు ఎవరితో ఆడారు, ఎక్కడ గెలిచారు అన్నది లెక్క వేస్తారు కాబట్టి, బయటి టీమ్స్‌తో ఆడే ఆ ఐదు మ్యాచ్‌ల తేడా చిన్నది కాదు. చదువు ముఖ్యం అని తమకి తామే గీత గీసుకున్నందుకు వాళ్లు కట్టే ఫైన్ అనుకోవచ్చు.

ఇవన్నీ చూశాక నాకు అర్థమైంది ఒకటే. లిమిట్ పెట్టడం సగం పనే. ఏది లెక్కపెడుతున్నాం, ఏది వదిలేస్తున్నాం అన్నది మిగతా సగం. 34 అనే నంబర్ మ్యాచ్‌లని లెక్కపెడుతుంది. నిద్ర లేని రాత్రులని, మిస్సయిన క్లాసులని లెక్కపెట్టదు. అందుకే నాకు 34 కంటే ఆ డిసెంబర్ ఖాళీ వారాలే ఎక్కువ విలువైనవిగా కనపడతాయి. అవి నేరుగా ఎగ్జామ్‌ని చూసి పెట్టుకున్నవి.

"ఆడాలనుకునేవాణ్ణి ఆపడానికి నువ్వెవరు?"

ఈ ఆర్టికల్ ఐడియా మా క్లబ్ మీటింగ్‌లో చెప్తే ఒక సీనియర్ అక్క అడ్డంగా వాదించింది. ఆ వాదన న్యాయంగానే ఉంది కాబట్టి ఇక్కడ పెడుతున్నా.

"పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు. ఎన్ని మ్యాచ్‌లు ఆడాలో వాళ్లకి తెలీదా? ఎక్కువ ఆడితేనే కదా స్కౌట్స్ కంట్లో పడేది. మనల్ని ఎవరైనా ఏడాదికి ఇన్ని హ్యాకథాన్‌లకి మించి వెళ్లొద్దంటే ఊరుకుంటామా?"

మొదట నా దగ్గర జవాబు లేదు. తర్వాత రెండు విషయాలు తోచాయి.

ఒకటి, తక్కువ మ్యాచ్‌లు ఆడితే వెనకబడతారన్నది నిజం కాదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇప్పుడు దాదాపు మూడో వంతు మంది కాలేజీ హాకీ నుంచి వచ్చినవాళ్లే. వీకెండ్‌లోనే మ్యాచ్‌లు కాబట్టి సోమవారం నుంచి గురువారం దాకా ప్రాక్టీస్‌కి, జిమ్‌కి టైమ్ దొరుకుతుంది. ఇంతకుముందు కెనడా జూనియర్ లీగ్స్‌లో ఆడినవాళ్లని ప్రొఫెషనల్స్ కింద లెక్కేసి కాలేజీ టీమ్స్‌లోకి రానిచ్చేవాళ్లు కాదు. 2024 నవంబర్‌లో ఆ రూల్ మార్చారు, 2025 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చింది. వెంటనే చాలామంది ఇటు వచ్చారు. మెడిసిన్ హ్యాట్ టీమ్ స్టార్ గావిన్ మెకెన్నా పెన్ స్టేట్‌లో చేరాడు. కారణాలు చాలా ఉండొచ్చు, డబ్బు కూడా ఒకటి అయ్యుండొచ్చు. కానీ 68 మ్యాచ్‌ల చోటు నుంచి 34 మ్యాచ్‌ల చోటుకి వస్తే కెరీర్ పోతుందని వాళ్లెవరూ భయపడలేదు కదా.

రెండోది అసలు పాయింట్. లిమిట్ ఆడేవాడి మీద కాదు, ఆడించేవాడి మీద. హ్యాకథాన్‌కి నేను వద్దంటే వద్దు, ఎవరూ ఏమీ అనరు. టీమ్‌లో ఉన్న పిల్లాడు కోచ్‌తో "సార్, ఈ వారం ఎగ్జామ్ ఉంది, నేను రాను" అని అనగలడా? అంటే తర్వాత టీమ్‌లో ఉంటాడా? తను నోరు తెరిచి అనలేని మాటని అతని తరఫున రూల్ అంటుంది. నా దృష్టిలో ఇలాంటి రూల్స్ ఉండేది అందుకే.

అక్క ఒప్పుకోలేదు. సగం ఒప్పుకుందేమో, తెలీదు. "సరే, రాయి చూద్దాం" అంది.

ఇప్పుడు మన దగ్గరికి

నా రూమ్మేట్ వాలీబాల్ ఆడతాడు. ఆడేవాడు అనాలేమో. ఆరడుగుల పైన ఉంటాడు, హాస్టల్ మెస్‌లో ఫ్యాన్ తగులుతుందేమో అని వంగి నడుస్తాడు. సెకండ్ ఇయర్ ఫస్ట్ సెమ్‌లో యూనివర్సిటీ టీమ్‌కి సెలెక్ట్ అయ్యాడు. సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ టోర్నమెంట్. వాళ్ల ఊళ్లో వాళ్ల నాన్న స్వీట్లు పంచాడు. నాకూ ఒక బాక్స్ వచ్చింది.

టోర్నమెంట్ డేట్స్, సెకండ్ మిడ్ డేట్స్ ఒకే వారంలో పడ్డాయి.

పీడీ సార్ ఓడీ లెటర్ ఇచ్చాడు. "అంతా చూసుకుంటాం, నువ్వు ఆట మీద ఫోకస్ పెట్టు" అన్నాడు. మా వాడు నమ్మి వెళ్లాడు. ట్రైన్‌లో ఒక రాత్రి, ఒక పగలు. బెర్త్ కన్ఫర్మ్ కాక ఇద్దరిద్దరు ఒక బెర్త్ మీద. అక్కడ మూడు మ్యాచ్‌లు ఆడి, నాలుగోది ఓడిపోయి వచ్చారు. వచ్చాక ఓడీ లెటర్ పట్టుకుని ఆఫీసుకి వెళ్తే, "ఇది అటెండెన్స్‌కి పనికొస్తుంది బాబూ, మిడ్ మార్కులకి కాదు" అన్నారు. మళ్లీ మిడ్ పెట్టే రూల్ లేదన్నారు. ఒక సార్ అయితే క్లాసు మధ్యలో, "ఆడుకోవడానికి వచ్చావా, చదువుకోవడానికి వచ్చావా?" అని అడిగాడు. మా వాడు ఏమీ అనలేదు. నేను పక్కనే ఉన్నా, నేనూ ఏమీ అనలేదు.

రాయని మూడు సబ్జెక్టుల్లో సున్నాలు. రెండు మిడ్‌ల సగటు కాబట్టి ఇంటర్నల్స్ సగానికి పడిపోయాయి. ఆ లోటు ఎండ్ సెమ్‌లో పూడ్చలేక రెండు బ్యాక్‌లాగ్స్. జీవితంలో మొదటిసారి ఫెయిలయ్యాడు. ఆ సెలవులకి ఇంటికి వెళ్లి వచ్చాక షూస్ కట్టి మంచం కింద పెట్టాడు. నేను అడగలేదు, వాడు చెప్పలేదు. నాలుగు నెలలైంది, ఆ కవర్ అక్కడే ఉంది. రూమ్ ఊడ్చేటప్పుడు పక్కకి జరిపి మళ్లీ పెడతాం.

"ఆడేవాళ్లకి కూడా ఎగ్జామ్స్, వాళ్లూ స్టూడెంట్సే కదా" అని అన్నయ్య అన్నప్పుడు నాకు ఎందుకు ఆగిపోయిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇందులో నా తప్పు కూడా ఉంది, అది చెప్పకుండా దాటేస్తే ఈ ఆర్టికల్ అబద్ధం అవుతుంది. నా టైమ్‌టేబుల్ జనరేటర్ గురించి చెప్పా కదా. దాంట్లో నేను పెట్టిన కండిషన్లు: ఒక సార్‌కి ఒకే టైమ్‌లో రెండు క్లాసులు ఉండకూడదు. ఒక ల్యాబ్‌లో రెండు బ్యాచ్‌లు ఉండకూడదు. సీనియర్ ఫ్యాకల్టీకి ఫస్ట్ అవర్ వద్దంటే వద్దు. శనివారం మధ్యాహ్నం వీలైతే ఖాళీ. ఎగ్జామ్ డేట్స్ మాడ్యూల్ కూడా చేశా, పండగలు తగలకుండా చూసుకుంటుంది. డెమో రోజు అందరూ మెచ్చుకున్నారు, మార్కులు కూడా బాగా వచ్చాయి. ఆ ప్రాజెక్ట్‌లో స్పోర్ట్స్ అనే కాలమ్ లేదు. నా మంచానికి మూడడుగుల దూరంలో షూస్ కట్టేసి పడుకున్నవాడు ఉన్నాడు. నాకు ఆ కాలమ్ పెట్టాలని తోచలేదు. పెట్టడానికి ఎంతసేపు పడుతుందో తర్వాత చేసి చూశా. ఒక సాయంత్రం పట్టింది.

అందుకే ఆఫీసు వాళ్లని, సార్‌ని మాత్రమే తిట్టాలని లేదు నాకు. ఎవరూ కావాలని చేయలేదు. టోర్నమెంట్ డేట్స్ ఒక టేబుల్ మీద ఉంటాయి, మిడ్ డేట్స్ ఇంకో టేబుల్ మీద ఉంటాయి. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడటం ఎవరి డ్యూటీ కాదు. మన దగ్గర ఉన్న ఒకే ఒక్క లిమిట్ 75 శాతం అటెండెన్స్. అది స్టూడెంట్ మీద పెట్టిన లిమిట్. స్టూడెంట్ తరఫున పెట్టిన లిమిట్ ఒక్కటి కూడా నాకు కనపడలేదు.

అడిగేవి నాలుగే

అమెరికా లాగా రింకులు కట్టమని, స్కాలర్‌షిప్‌లు ఇమ్మని అడగట్లేదు. పైసా ఖర్చు లేనివే అడుగుతున్నా.

ఒకటి. సెమిస్టర్ మొదట్లో మిడ్ డేట్స్ వేసేటప్పుడు పీడీ సార్‌ని కూడా ఆ గదిలో కూర్చోబెట్టండి. అప్పటికి తెలిసిన టోర్నమెంట్ డేట్స్ ఆయన చెప్తాడు. తగలకుండా వేయగలిగితే వేయండి.

రెండు. టోర్నమెంట్ డేట్స్ లేటుగా వస్తాయి, మారతాయి కూడా, ఒప్పుకుంటా. అప్పుడు ఓడీలో ఉన్నవాళ్లకి తిరిగి వచ్చాక ఒక వారంలో వేరే పేపర్‌తో మిడ్ పెట్టండి. పదిహేను మందికి మించరు. ఒక గది, ఒక ఇన్విజిలేటర్ చాలు.

మూడు. ఆడించేవాళ్లకి కూడా ఒక గీత కావాలి. ఒక సెమిస్టర్‌లో ఒక ప్లేయర్‌ని ఇన్ని వర్కింగ్ డేస్‌కి మించి బయటికి తీసుకెళ్లకూడదు అని. ఆ పదిహేను మందినే ప్రతి టోర్నమెంట్‌కీ తిప్పకుండా రెండో టీమ్‌కి కూడా ఛాన్స్ దొరుకుతుంది. ఆ నంబర్ ఎంత అన్నది నేను చెప్పను, ప్లేయర్స్‌నే కూర్చోబెట్టి అడగండి.

నాలుగు. ఆ రోజుల్లో ప్రయాణం కూడా లెక్కపెట్టండి. ఎన్‌సీఏఏ చేసిన తప్పు మనం చేయొద్దు. ట్రైన్‌లో పోయిన పగలు కూడా పోయిన రోజే. అలాస్కా రూల్ లాగా "ఇది లెక్కలోకి రాదు" అనేది ఒక్కటి కూడా వద్దు.

మొదటి దానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ నా దగ్గర ఉంది. ఇప్పుడు స్పోర్ట్స్ కాలమ్‌తో కలిపి. ఫ్రీగా ఇస్తా, మార్కులు కూడా వద్దు.

ఈ ఆర్టికల్ పంపే ముందు రూమ్మేట్‌కి చదివి వినిపించా. వాడి గురించి రాసేటప్పుడు వాడి పర్మిషన్ ఉండాలి కదా. మొత్తం విని, "ఐస్ హాకీ ఎందుకు రా మధ్యలో, నేరుగా చెప్పొచ్చుగా" అన్నాడు. నేరుగా చెప్తే కంప్లైంట్ అంటారు రా, లెక్కలతో చెప్తే కనీసం చివరిదాకా చదువుతారు అన్నా. నవ్వాడు. స్వీట్ల సంగతి తీసేయమన్నాడు, వాళ్ల నాన్న చూస్తే బాధపడతాడని. తర్వాత కాసేపాగి, సరే ఉంచు అన్నాడు.

ఈ సెమ్ సెకండ్ మిడ్ డేట్స్ నోటీస్ బోర్డ్ మీద పెట్టేశారు. టోర్నమెంట్ డేట్స్ ఇంకా రాలేదు. ఈసారి కూడా టీమ్ నుంచి ఫోన్ వస్తే వెళ్తావా అని అడిగా. "మళ్లీ మిడ్ పెడతారా?" అన్నాడు.

ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు. ఉన్నవాళ్లు ఈ మ్యాగజైన్ చదువుతారని నాకు తెలుసు.